గ్రహశకలం వెడల్పు మన తీరం నుంచీ కొలవొచ్చు

సంపాదకులకు నమస్కారం.

గ్రహశకలం గురించి వార్త వచ్చినప్పుడల్లా 'ఇన్ని కిలోమీటర్ల వెడల్పు' అని ఒక అంకె అచ్చవుతోంది. అది ఎలా వచ్చిందో ఎవరూ రాయడం లేదు. చాలా శకలాల విషయంలో అది కొలిచిన అంకె కాదు, అంచనా కట్టింది.

టెలిస్కోపులో గ్రహశకలం నక్షత్రంలాగే చుక్కగా కనిపిస్తుంది. మనకు దొరికేది దాని వెలుగొక్కటే. చిన్న తెల్లరాయి, పెద్ద నల్లరాయి రెండూ ఒకే వెలుగు ఇవ్వగలవు. నిరపేక్ష ప్రకాశాంకం (అన్ని శకలాలనూ ఒకే నిర్ణీత దూరంలో పెట్టి చూస్తే వెలుగెంతో చెప్పే అంకె) 10 ఉన్న శకలం తన మీద పడ్డ ఎండలో 25 శాతం తిప్పికొడితే దాని వెడల్పు సుమారు 27 కిలోమీటర్లు. 5 శాతమే తిప్పికొడితే 59. ఘనపరిమాణంలో ఇది 11 రెట్ల తేడా! పరారుణ కిరణాల్లోనూ చూస్తే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. నల్లరాయి ఎండను మింగి ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడి అందులో తెలుస్తుంది.

అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న ప్రధాన పట్టీ శకలాల్లో ఐదు మన పక్కనున్న మద్రాసులోనే దొరికాయి. అక్కడి వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ 1861 ఏప్రిల్ 17న కనిపెట్టింది 67వ శకలం. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టారు. తర్వాత 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిల్లా, 1885లో వేరా. ఈ వెతుకులాట అంతా ఫోటోలు లేకుండా, టెలిస్కోపులో కంటితో చూసి చేసిందే. పటంలో లేని చుక్క కనబడితే గుర్తు పెట్టుకుని, మర్నాడు అది జరిగిందా అని చూడాలి. సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్నప్పుడు పట్టీలోని శకలం రోజుకు పావు డిగ్రీ, అంటే చందమామ వెడల్పులో సగం దాకా జరుగుతుంది. వరుసగా నాలుగు రాత్రులు మబ్బు పట్టిందంటే దాన్ని మళ్లీ వెతుక్కోవాల్సిందే.

ఆసియా రాతి జాతి శకలం. వెడల్పు 58 కిలోమీటర్ల దరిదాపు. తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 16 గంటలు, సూర్యుణ్ని చుట్టడానికి 3.77 ఏళ్లు పడుతుంది. సిల్వియా సంగతి ఇంకా గొప్పది. దానికి రెండు చందమామలున్నాయి. ఒకటి 2001లో, రెండోది 2004లో తీసిన చిత్రాల్లో బయటపడ్డాయి. బయటి చందమామ సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలో 3.65 రోజులకొక చుట్టు తిరుగుతుంది. ఈ రెండు అంకెలతోనే సిల్వియా బరువు తేలుతుంది. ఆ బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత నీటికి 1.2 నుంచి 1.4 రెట్లే వస్తుంది. గట్టి రాయి అంత తేలిగ్గా ఉండదు. లోపల బోలెడు ఖాళీలున్న రాళ్లగుట్ట అది. మద్రాసులోనే దొరికిన కమిల్లాకూ రెండు చందమామలున్నాయి.

వెడల్పును సూటిగా కొలిచే పద్ధతి నక్షత్రం మరుగు. శకలం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, శకలమంత వెడల్పున్న నీడ భూమి మీద పరిగెడుతుంది. ఒక చోట నక్షత్రం ఎన్ని సెకన్లు మరుగైందో నీడ వేగంతో గుణిస్తే, శకలం మీద ఒక గీత పొడవు తెలుస్తుంది. ఈ నీడల్లో చాలావాటి దారి తూర్పు పడమరలుగా ఉంటుంది. మన తీరమేమో ఉత్తర దక్షిణాలుగా ఉంది. నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వరుసగా జాతీయ రహదారి మీదే ఉన్నాయి. నీడ ఈ ఊళ్లన్నిటినీ కప్పేంత వెడల్పుంటే, నాలుగు చోట్ల నలుగురు నిలబడితే ఒకే శకలాన్ని నాలుగు గీతలుగా కోసి చూసినట్టవుతుంది. ఇంత అనువైన తీరం ఉండి వాడుకోకపోవడం నాకు బాధగా ఉంది.

కావాల్సింది 8 అంగుళాల టెలిస్కోపు, సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరా, జీపీఎస్ సమయం. నీడ సెకనుకు 15 కిలోమీటర్లు పోతుందనుకుంటే, ఫోను గడియారం ఒక్క సెకను తప్పినా 15 కిలోమీటర్ల తప్పు వస్తుంది. ఒక ఫ్రేము తేడా అయితే 600 మీటర్లే. చెప్పిన సమయానికి మూడు నిమిషాల ముందు రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాత మూడు నిమిషాల దాకా ఆపకూడదు. పక్కనున్న మరో నక్షత్రం కూడా ఫ్రేములో ఉండాలి. మబ్బుతునక అడ్డొస్తే రెండూ మసకబారతాయి, శకలం అడ్డొస్తే ఒక్కటే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకాశం బాగుంటుంది గానీ తెల్లవారుజామున అద్దం మీద మంచు పడుతుంది. గుడ్డతో తుడిస్తే అద్దం గీతలు పడుతుంది. దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవున్న నల్ల అట్ట గొట్టం ముందే తొడగాలి.

ఏ నీడ ఎక్కడి మీదుగా పోతుందో ముందే లెక్కకట్టి ప్రకటిస్తారు. అది మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద పడే రోజున తేదీ, సెకన్లతో సహా సమయం, నక్షత్రం ఏ రాశిలో ఉంది, ఎన్ని సెకన్లు మరుగవుతుంది అనే వివరాలు జిల్లా పేజీలో వేయండి. నీడ అంచున పడే ఊళ్ల పేర్లు మాత్రం వదిలిపెట్టొద్దు. అక్కడివాళ్లకు నక్షత్రం ఆరకపోయినా, శకలం అంచు ఆ ఊరి దాకా రాలేదని తేలుతుంది.

— భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కావలి