మా అమ్మ యెరూషలేము దరఖాస్తు ఎక్కడుందో చెప్పండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ స్పీడ్ పోస్టులో పంపాను. రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మీ పక్కనుండే వాళ్లెవరైనా చదివి మీ చెవిన వేస్తారేమోనని ఆశ.

క్రైస్తవుల యెరూషలేము యాత్రకు ప్రభుత్వం ఇచ్చే సాయం కోసం మా అమ్మ 2022లో దరఖాస్తు పెట్టింది. అప్పటికి ఆమెకు 64 ఏళ్లు. మరుసటి వేసవిలో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "మీ పేరు లిస్టులో ఉందమ్మా, పాస్‌పోర్టు రెడీగా పెట్టుకోండి" అన్నారు. ఆ ఆదివారమే మందిరంలో లేచి సాక్ష్యం చెప్పేసింది. ఆ సాయాన్ని 2019లో 60 వేలకు పెంచారు. దాంతో యాత్ర పూర్తవదని మీకూ తెలుసు. మిగతా డబ్బు కోసం ఇడ్లీ బండి మీద కట్టుకుంటున్న చీటీని నష్టానికి పాడి ఎత్తుకుంది. వెళ్లని యాత్రకు నెలనెలా వాయిదాలు కట్టింది సార్. ఎత్తిన డబ్బులో సగం మోకాళ్ల ఇంజెక్షన్లకే పోయింది.

ఆ అక్టోబరులో ఇశ్రాయేలులో యుద్ధం మొదలైంది. మా ఇంట్లోనూ టీవీ ఉంది. రాకెట్లు పడే చోటికి పంపమని మేమెవరం అడగలేదు. మా దరఖాస్తు బతికుందా, పోయిందా అని మాత్రమే అడిగాం. ఆఫీసులో ఒకాయన కొత్తగా పెట్టుకోమన్నాడు. ఇంకొకాయన పాతదే చెల్లుతుంది, కొత్త ఆదాయ ధ్రువపత్రం తెండి అన్నాడు. మూడుసార్లు తెచ్చాం. మూడోది తీసుకున్నాయన మొదటి రెండూ ఏవని అడిగాడు! ఫైలు చూపించమంటే బీరువా మీదున్న కట్టల వైపు పెన్ను ఊపి "అందులోనే ఉంటుందమ్మా" అన్నాడు. బీరువా మీద ఫ్యాను గాలికి దుమ్ము రాలుతోంది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ఆయనకు వందనాలు చెప్పి వచ్చేసింది.

ఆవిడ విజయవాడ దాటి ఎరగదు. కానీ ఆ దేశం మొత్తం ఆమెకు కంఠతా వచ్చు. బేత్లెహేము చర్చి గుమ్మం నాలుగడుగులే ఉంటుందట, ఎంతటివారైనా వంగి లోపలికి వెళ్లాల్సిందే. మీ ఆఫీసు చుట్టూ తిరిగాక వంగడం ఆమెకు బాగానే అలవాటైంది. లోపల గుహలో, ప్రభువు పుట్టాడని చెప్పే చోట, 14 కొనల వెండి నక్షత్రం ఉంటుందని ఎవరు దొరికితే వాళ్లకు చెబుతుంది. ప్రభువు సమాధి విషయంలో మా పాస్టరు గారితో ఓ వాదన కూడా నడుస్తోంది. అసలు సమాధి యెరూషలేము పాత నగరం గోడల లోపల, పెద్ద చర్చిలో ఉన్నదా, దమస్కు గుమ్మం బయట తోటలో ఉన్నదా అని. "రెండూ చూసొచ్చి చెబుతానండీ" అంది అమ్మ.

ఎప్పుడు చెబుతుంది? ప్రభువును సిలువ వేసిన గొల్గొతా అని చూపించే చోటికి ఆ పెద్ద చర్చిలోనే నిటారు మెట్లు ఎక్కాలి. ప్రభువు సిలువ మోసిన దారి అని చెప్పే సిలువ మార్గంలో 14 మజిలీలు, చివరి ఐదూ ఆ చర్చిలోనే ఉన్నా మొదటి తొమ్మిదీ రాళ్లు పరిచిన సందుల్లో నడిచే చూడాలి. 2023లో అయితే ఎక్కేది, నడిచేది. ఇప్పుడు మా మేడ మెట్లే ఎక్కలేకపోతోంది. యుద్ధం ఆగితే విమానాలు మళ్లీ ఎగురుతాయి. మోకాళ్లు మళ్లీ వస్తాయా సార్?

అమ్మతో పాటే దరఖాస్తు పెట్టిన పక్కింటి పెద్దమ్మ పోయిన క్రిస్మస్‌కు ముందు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఆమె దరఖాస్తు మాత్రం మీ దగ్గర ఇంకా "పరిశీలనలో" ఉంది. కంగారేం లేదు, నిదానంగా పరిశీలించండి.

అయ్యా, పాత దరఖాస్తులు చెల్లుతాయో లేదో ఒక కాగితం మీద రాసివ్వండి. లిస్టు బయట పెట్టండి. దారి తెరుచుకున్న రోజు పెద్ద వయసు వాళ్లను ముందు పంపండి. కుదరదంటే కుదరదని రాయండి, అదైనా రాయండి. ఊరికే "చూస్తాం" అనకండి, మూడేళ్లుగా మేమే చూస్తున్నాం.

యోర్దాను నది నీళ్లు తేవడానికి కొన్న స్టీలు సీసా బీరువాలో ఉంది, మీద స్టిక్కరు కూడా ఊడలేదు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకోలేకపోయాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మీ కోసం కూడా ప్రార్థిస్తోంది.

నాలుగో ఆదాయ ధ్రువపత్రం కావాలంటే మాత్రం ముందే చెప్పండి. ఆదివారం సచివాలయం తెరవరు.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారు కొడుకు