వెబ్ చిరునామాల్లో క్లాసు పేర్లు బయటపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కరెంటు బిల్లు, బీమా వాయిదా, బ్యాంకు పనులు బెంగళూరులో కూర్చుని చక్కబెట్టే తెలుగువాళ్లు మా మారతహళ్లి చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. నేనూ అందులో ఒకదాన్ని. జావాలో వెబ్ అప్లికేషన్లు రాయడం నా ఉద్యోగం. ఈ మధ్య నాన్నగారి బీమా వాయిదా కట్టబోతే లాగిన్ పేజీ చిందరవందరగా కనిపించింది. కారణం చూద్దామని బ్రౌజర్‌లో పేజీ సోర్సు, అంటే పేజీ వెనక ఉండే కోడు, తెరిచాను. పేజీ రూపురేఖలు నిర్ణయించే స్టైల్ ఫైలు చిరునామాలో వికెట్, రిసోర్స్ అన్న మాటల తర్వాత సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ పేరు, చుక్క పెట్టి ప్రాజెక్టు పేరు, మళ్లీ చుక్క పెట్టి మాడ్యూలు పేరు, చిట్టచివర పాలసీదారు వివరాలు చూపే క్లాసు (జావా కోడులో ఒక భాగం) పేరు! ఇంకా లాగిన్ కూడా కాని మనిషికి ఇవన్నీ ఎందుకు చెప్పాలి?

జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే సిద్ధంగా ఉన్న చట్రం (ఫ్రేమ్‌వర్క్) అపాచీ వికెట్. దానితో పనిచేసినవాళ్లకు సంగతి తెలుసు. అందులో స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులు, బొమ్మలు జావా క్లాసు పక్కనే, అదే ప్యాకేజీలో (క్లాసులు ఉంచే ఫోల్డరులో) పెట్టుకోవచ్చు. రాసేవాళ్లకు ఎంతో సుఖం. అయితే ఫైలును ఏ క్లాసు పక్కన వెతకాలో ఫ్రేమ్‌వర్క్‌కు తెలియాలి కదా. మనం వేరే చిరునామా ఇవ్వకపోతే ప్యాకేజీ పేరుతో కలిపి ఆ క్లాసు పూర్తి పేరునే చిరునామాలో వాడుకుంటుంది. మార్చుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. పాత 1.4 వెర్షన్‌లో క్లాసుకు మారుపేరు పెట్టవచ్చు. 1.5 నుంచి అప్లికేషన్ మొదలయ్యే చోట మౌంట్‌రిసోర్స్ అని ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస రాస్తే మనం కోరిన చిరునామా వస్తుంది. సగం పూట పని. అడిగేవాళ్లు లేక ఆగిపోతోంది.

పేర్లు దాచినంత మాత్రాన భద్రత వస్తుందా అని మా రంగంలోనే చాలామంది కొట్టిపారేస్తారు. రాదు, ఒప్పుకుంటాను. 2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోవడానికి అసలు కారణం అపాచీ స్ట్రట్స్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌లోని లోపానికి మార్చిలోనే వచ్చిన సవరణను వేయకపోవడం. కానీ ఒక ఫ్రేమ్‌వర్క్‌లో లోపం బయటపడగానే దొంగలు చేసే మొదటి పని, దాన్ని ఎవరెవరు వాడుతున్నారో గాలించడం. ఆ శ్రమ కూడా లేకుండా చిరునామాలోనే రాసిపెడుతున్నాం. పైగా ప్యాకేజీ పేరు తెలిసినవాడు అందులోని మిగతా ఫైళ్లను కూడా పేరు పెట్టి అడిగి చూడగలడు. ఏ రకం ఫైళ్లు ఇవ్వవచ్చో చూసే కాపలా వికెట్‌లో ఉంది. గడువు దగ్గరపడినప్పుడు ఆ కాపలాను సడలించి, మళ్లీ బిగించడం మరిచిపోయే బృందాలూ ఉన్నాయి.

రోజువారీ నష్టం మరొకటి ఉంది. క్లాసు పేరో ప్యాకేజీ పేరో మార్చిన రోజున చిరునామా కూడా మారిపోతుంది. పాత చిరునామాను నమ్ముకున్న ఈమెయిళ్లలో, ఇతర సైట్లలో బొమ్మలు మాయమవుతాయి. లోపలి కోడును సర్దుకోవడానికి బయటివాళ్ల లింకులు తెగాలా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటోంది. అంత పెద్ద బాధ్యత నెత్తిన ఉన్న బ్యాంకులు, బీమా సంస్థలు సాఫ్ట్‌వేర్ కంపెనీలతో రాసుకునే ఒప్పందంలో ఈ చిన్న షరతు చేర్చలేవా? ఆఖరి బిల్లు చెల్లించే ముందు లాగిన్ పేజీ సోర్సు తెరిపించండి. స్టైల్, స్క్రిప్టు, బొమ్మల చిరునామాలు చదివించండి. క్లాసు పేరు ఒక్కటి కనిపించినా సరిచేసుకుని రమ్మని వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు