బ్రౌన్ ఇంటివాళ్ళు

కడప,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మోకాలి నొప్పి తగ్గిందనీ, పొద్దున నడక మళ్ళీ మొదలుపెట్టావనీ చదివి ఇంట్లో అందరం సంతోషించాం. వెంటనే జవాబు రాయవలసింది. కానీ ఈ పది రోజులూ ఒకటే సంగతి నా మనసులో తిరుగుతూ ఉంది. అది ఒక కొలిక్కి వచ్చాక ముందు నీకే రాయాలని ఆగాను. కాస్త పొడవైన కథ. తీరిగ్గా కూర్చుని చదువు.

మొన్న మా ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి నిలబెట్టిన సంస్థ అది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. పిల్లలు తాటాకు గ్రంథాల చుట్టూ గుమిగూడారు. ఒక అమ్మాయి మాత్రం బ్రౌన్ చిత్రపటం ముందు నిలబడి అడిగింది: "సార్, కణంలో కేంద్రకానికి పేరు పెట్టిన బ్రౌన్ ఈయనేనా?"

"కాదమ్మా, ఆయన రాబర్ట్ బ్రౌన్. ఈయన వేరు" అన్నాను.

"ఇంటిపేరు ఒకటే కదా సార్. దాయాదులా?"

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్ళకది చాలా సహజమైన ప్రశ్న. మన దగ్గర కొత్తమనిషి కనబడితే ముందు ఊరు అడుగుతాం, తరువాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు కలిస్తే ఏ తాత దగ్గర కలుస్తామో లెక్క తీస్తాం, పిల్లల పెళ్ళి మాట ఎత్తం. తాళ్ళపాక వారినే చూడు. అన్నమయ్య, కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన తిరుమలాచార్యుడు: ఒకే ఊరి పేరు, ఒకే నెత్తురు, ఒకే విద్య. ఆ పద్ధతిలో పెరిగిన పిల్ల అలా అడగక ఇంకెలా అడుగుతుంది? నేను "కాదు" అని ఒక్క మాటతో సరిపెట్టి ముందుకు నడిచాను. రాత్రి పడుకున్నాక ఆ పిల్ల ముఖమే గుర్తొచ్చింది. అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేదు, ప్రశ్నను పక్కకు నెట్టానంతే.

అందుకని వెతకడం మొదలుపెట్టాను.

ముందు ఆ ఇంటిపేరు సంగతి. జుట్టు రంగునో ఒంటి చాయనో బట్టి ఎవరికో తగిలించిన మాట అది. మనలో ఎర్ర వారు, నల్ల వారు ఉన్నట్టే. అలాంటి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు కనుక ఊరికొక బ్రౌన్ వంశం పుట్టింది. ఈనాడు అమెరికాలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో అది నాలుగోది. కాబట్టి ఇద్దరు బ్రౌన్లు కనబడితే చుట్టరికం వెతకడం వృథా.

ఇక రాబర్ట్ బ్రౌన్. ఈయన కథలో నీకు నచ్చే ముక్క ముందు చెప్తాను. 1773లో స్కాట్లండులో పుట్టిన ఈ వృక్షశాస్త్రవేత్త తొలి ఉద్యోగం నీలాగే సైన్యంలోనే. ఒక స్కాటిష్ పటాలంలో సహాయ వైద్యుడిగా చేరి ఐర్లండులో కొన్నేళ్ళు ఉన్నాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో మొక్కలు పట్టుకున్నాడు, జర్మన్ భాష నేర్చుకున్నాడు. 1801లో ఫ్లిండర్స్ నాయకత్వంలో ఆస్ట్రేలియాకు బయలుదేరిన ఓడ ఎక్కి, 1805లో వేల మొక్కల నమూనాలతో తిరిగి వచ్చాడు. బారకాసులో రాత్రుళ్ళు దీపం పెట్టుకుని చదివిన నిన్ను తలుచుకున్నాను ఆ భాగం చదువుతుంటే.

1827 వేసవిలో ఆయన ఒక పువ్వు పుప్పొడిని నీళ్ళలో వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఇక్కడ బడి పుస్తకాల్లో ఎప్పుడూ ఒక పొరపాటు దొర్లుతుంది, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. కదిలినవి పుప్పొడి రేణువులు కావు. వాటిలోపలి నుంచి బయటికి వచ్చిన, అంతకంటే ఎంతో చిన్నవైన నలుసులు. అవి ఆగకుండా అటూ ఇటూ తొణుకుతూ ఉన్నాయి. జీవం ఉన్న పదార్థం కనుక కదులుతోందేమో అని మొదట అనుకున్నాడు. మరొకరైతే ప్రాణరహస్యం దొరికిందని చాటింపు వేసేవారు. ఆయన అక్కడ ఆగి, తన ఊహనే పరీక్షకు పెట్టాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఎండిపోయిన మొక్కల పొడి వేశాడు, కదిలింది. గాజు నూరి వేశాడు, కదిలింది. రాళ్ళు నూరి వేశాడు. ఈజిప్టు స్ఫింక్స్ శిలనుంచి ఊడిన ముక్కను కూడా నూరి వేశాడు. అదీ కదిలింది! రాతికి ప్రాణం లేదు కనుక ఆ కదలికకు ప్రాణంతో సంబంధం లేదని తేల్చి, కారణం మాత్రం తనకు దొరకలేదని వదిలేశాడు. చుట్టూ ఉన్న నీటి అణువులు అన్నివైపుల నుంచీ సమానంగా కాకుండా ఢీకొట్టడం వల్ల నలుసు అలా తొణుకుతుందని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి చూపాడు. తరువాత పెర్రిన్ ప్రయోగాలు చేసి నిరూపించాడు. అణువులున్నాయా లేవా అన్న పాత తగవు దాంతో తీరింది.

మొన్న బుధవారం మా బడి సూక్ష్మదర్శిని కింద నీళ్ళు కలిపిన పాలచుక్క పెట్టి పిల్లలకు చూపించాను. పాలలోని కొవ్వు బిందువులు అచ్చంగా అలాగే తొణుకుతాయి. ఒక్కొక్కరూ కన్ను పెట్టి చూసి, లేచి, మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

అదే 1827 జూలైలో మన పత్తికొండలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో ఆయన సమాధి దగ్గరికి మనం సైకిళ్ళ మీద వెళ్ళిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నీ సైకిలు గొలుసు తెగితే ఎండలో నడిపించుకుంటూ వచ్చాం.

మన్రో గవర్నరుగా ఉన్నప్పుడే మన బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. 1798లో కలకత్తాలో పుట్టినవాడు, ఇక్కడికి వచ్చేసరికి ఇరవై రెండేళ్ళు నిండలేదు. తెలుగు చదవడం ఉద్యోగం కోసం మొదలుపెట్టాడు. తరువాత అది ఉద్యోగాన్ని మించిపోయింది. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఆయన పనిచేసిన తీరు గురించి. ఒక కావ్యం కావాలంటే ఒక ప్రతితో ఊరుకునేవాడు కాదు. దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవాడు. పండితులను ఇంట్లోనే ఉంచి జీతాలిచ్చి, ప్రతికి ప్రతి పోల్చి, పాఠం ఎక్కడ తేడా వచ్చిందో గుర్తించి, శుద్ధప్రతి రాయించేవాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనంతా చూసుకునేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు వ్యాఖ్యానాలు రాశారు. బ్రౌన్ కాలేజీ అని జనం ఆ బంగళాకు పేరు పెట్టారు. ఖర్చు చాలా మటుకు ఆయన జేబులోది, జేబు చాలనప్పుడు అప్పు. ఇవాళ ఏ కావ్యం తెరిచినా ఆ జీతాలకు పనిచేసిన మనుషుల కళ్ళు అరిగిన శ్రమ అందులో ఉంటుంది. వాళ్ళ పేర్లు కూడా పిల్లలకు నేర్పాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. బ్రౌన్ ఒక్కడే చేశాడని చెప్తే అది సగం నిజమే అవుతుంది.

తక్కిన బ్రౌన్ల గురించి కొంచెం వేగంగా చెప్తాను. సంస్కృత పండితుడు నార్మన్ బ్రౌన్ ఉన్నాడు, అమెరికావాడు. 1948లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయన శాఖను స్థాపించాడు. సౌందర్యలహరిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. విమానం నడిపేవారికి దారి చూపిన ఆర్థర్ విటెన్ బ్రౌన్ ఇంకొకడు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం కూలి, కాలు దెబ్బతిని, జర్మన్ల చేతికి చిక్కినవాడు. 1919 జూన్‌లో ఆల్కాక్‌తో కలిసి ఆగకుండా అట్లాంటిక్ దాటి ఐర్లండు బురదనేలలో దిగాడు. నువ్వు రాత్రిపూట వేసుకునే కొలెస్టరాల్ మాత్ర ఒంట్లో ఎలా పనిచేస్తుందో మనకు అర్థమైందంటే అందులో మైకేల్ బ్రౌన్‌కు పెద్ద భాగం ఉంది. గోల్డ్‌స్టీన్‌తో కలిసి, రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను కణాలు ఎలా పట్టి లోపలికి లాక్కుంటాయో చూపి 1985లో నోబెల్ అందుకున్నాడు. మాత్ర మానవద్దు.

హెర్బర్ట్ బ్రౌన్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. 1979లో రసాయనశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్న ఈయన అసలు బ్రౌనే కాదు! ఉక్రెయిన్ నుంచి లండన్‌కు వలసవచ్చిన యూదుల బిడ్డ, ఇంటిపేరు బ్రోవర్నిక్. పరాయి దేశంలో నోరు తిరగని పేరును వాళ్ళు కుదించుకుని బ్రౌన్ అయ్యారు. చికాగోలో పేదరికంలో చదివాడు. పట్టా పుచ్చుకున్నప్పుడు, తరువాత భార్య అయిన అమ్మాయి బోరాన్ హైడ్రైడుల మీద ఒక పుస్తకం కానుకగా ఇచ్చింది. దుకాణంలో ఉన్న రసాయన పుస్తకాల్లో అది చవకైనది కనుక కొన్నది. ఆయన జీవితమంతా ఆ బోరాన్ మీదే సాగింది. ఇలాంటి మనిషిని ఏ వంశవృక్షంలో పెడతాం? ఇంటిపేరు కలిసిందని చుట్టాలను చేసుకునే మనకు ఈ సంగతి తప్పక తెలియాలి.

ఇప్పుడు నీ కోసం దాచి ఉంచినది. జెస్సీ బ్రౌన్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని నల్లజాతి కౌలురైతు కొడుకు. వాళ్ళ నౌకాదళంలో శిక్షణ పూర్తిచేసి విమానం నడిపిన మొట్టమొదటి నల్లవాడు. 1950 డిసెంబరు 4న కొరియా కొండల మీద ఆయన విమానం దెబ్బతిని మంచులో దిగింది. కాలు యంత్రాల మధ్య ఇరుక్కుపోయింది. పక్కన ఎగురుతున్న థామస్ హడ్నర్ అనే తెల్లజాతి సహచరుడు అది చూసి, తన విమానాన్ని కావాలని అదే మంచులో కూల్చి దిగాడు. పొగ వస్తున్న ఇంజనులోకి చేతులతో మంచు కూరాడు. హెలికాప్టర్ వచ్చింది, గొడ్డలితో కొట్టి చూశారు, కాలు రాలేదు. చీకటి పడుతోంది. భార్య డైసీకి ఒక మాట చెప్పమని జెస్సీ అప్పగించాడు. మరుసటి ఏడు హడ్నర్‌కు పతకం ఇచ్చినప్పుడు డైసీ అక్కడే ఉంది. 2013లో, 88 ఏళ్ళ వయసులో, మిత్రుడి అస్థికలు తెచ్చుకుందామని హడ్నర్ ఉత్తరకొరియాకు వెళ్ళాడు. వానలు అడ్డుపడి తిరిగి రావలసి వచ్చింది.

ఇది చదివి నేను పుస్తకం మూసి ఆరుబయటకు వచ్చి కూర్చున్నాను. అదే 1950లోనే మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వైద్యదళం రంగరాజ్ గారి నాయకత్వంలో అదే కొరియాలో గాయపడినవాళ్ళను చూసుకుంటూ ఉంది. ఆ దళం గురించి నువ్వు నాకు చెప్పినప్పుడు నేను సరిగ్గా వినలేదు. మళ్ళీ చెప్పు, ఈసారి రాసుకుంటాను.

ఒక బిట్ల పుస్తకంలో వీళ్ళందరినీ "ప్రసిద్ధ బ్రౌన్లు" అని ఒక పెట్టెలో వేసి, పేరుకొక గీత చొప్పున ఇచ్చారు. పిల్లలు అది బట్టీపడుతున్నారు. పేరు ఒకటే కనుక గుర్తుపెట్టుకోవడం సులువనుకుంటారు. నిజానికి పేరు ఒకటే కావడం వల్లనే ఒకరి పని మరొకరి ఖాతాలో పడుతుంది. అందుకే శుక్రవారం నేను ఆ పెట్టె పక్కన పెట్టి, ఒక గంటంతా ఇద్దరు బ్రౌన్ల గురించే చెప్పాను.

దాయాదులు కారు అని ఆ అమ్మాయికి ముందే చెప్పాను. కానీ వెతుకుతుంటే ఒక సంగతి దొరికింది, అది కూడా చెప్పకుండా ఉండలేకపోయాను. రాబర్ట్ బ్రౌన్ 1858 జూన్‌లో లండన్‌లో పోయాడు. ఆయన మరణం వల్ల అక్కడి జీవశాస్త్రవేత్తల సంఘం లినియన్ సొసైటీ సమావేశం వాయిదా పడింది. ఆ తరువాత జూలై 1న పెట్టిన సమావేశంలోనే జీవపరిణామం మీద డార్విన్, వాలెస్ రాసిన పత్రాలను చదివి వినిపించారు. మన బ్రౌన్ 1855లో ఉద్యోగం ముగించి లండన్‌కు వెళ్ళిపోయాడు, 1884 డిసెంబరులో అక్కడే పోయాడు. ఇద్దరి సమాధులూ కెన్సల్ గ్రీన్ శ్మశానంలోనే ఉన్నాయి. ఒకే గేటు, ఒకే ప్రహరీ.

తరగతి అంతా నిశ్శబ్దమైంది. ఆ అమ్మాయి రెండు ఏళ్ళూ పుస్తకంలో రాసుకుని చెయ్యెత్తింది: "రెండు సమాధుల మధ్య ఎన్ని అడుగులు ఉంటాయి సార్?"

మీ చిన్నవాడు లండన్‌లోనే ఉన్నాడు కదా. ఒక ఆదివారం అక్కడికి వెళ్ళమని చెప్పు. శ్మశానం చాలా పెద్దది, కార్యాలయంలో పేర్లు చెప్పి అడిగితే చోటు చూపిస్తారు. మన బ్రౌన్ సమాధి దగ్గర మొదలుపెట్టి రాబర్ట్ బ్రౌన్ సమాధి దాకా నడిచి, అడుగులు లెక్కపెట్టి, ఒక కాగితం మీద దారి గీసి పంపమను. నవంబరు 10న మన బ్రౌన్ పుట్టినరోజు. ఆ లోపల అందితే మేలు. నువ్వు కూడా ఆ వారం వచ్చి, జెస్సీ కథ పిల్లలకు నీ నోటితో చెప్పు. కారం దోసెలకు పొద్దున్నే వెళ్దాం.

వదినకు నమస్కారాలు. మోకాలికి నూనె రాయడం మానకు.

నీ మిత్రుడు