చివరి మూడు కిలోల తంటా

సంపాదకులకు,

‘పది రోజుల్లో ఐదు కిలోలు తగ్గండి’ అనే పోస్టర్లు తిరుపతి గోడలమీద ఎక్కువయ్యాయి. 165 సెం.మీ. ఎత్తున్న వారికి 50 నుంచి 62 కిలోలు సరైన బరువే. ఆ లోపల ఉండి, ఇంకో రెండు మూడు కిలోలు తగ్గాలనుకునేవారు రాత్రి భోజనం మానేస్తే మొదట పోయేది కొవ్వు కాదు, నీరు. రెండ్రోజులు మామూలుగా తింటే అదంతా తిరిగొస్తుంది.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 250 తగ్గిస్తే నెలకో కిలో, అంతే. ఆ 250 మన ఇళ్లలో దాక్కునేది రాగి సంగటిలో కాదు, దాని పక్కన పెట్టుకునే చెనిక్కాయల పచ్చట్లో! గుప్పెడు చెనిగ్గింజలు (వేరుశనగ), అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. పైన తాలింపు నూనె రెండు చెంచాలైతే ఇంకో 90. కాబట్టి నూనెను చెంచాతో కొలిచి పోయాలి, సీసా వంచి కాదు. తగ్గించిన చోట గుడ్లు, ఉలవ గుగ్గిళ్లు, మజ్జిగ పెంచాలి. 60 కిలోల మనిషికి రోజుకు 72 గ్రాముల ప్రోటీన్ అందాలి, వారానికి రెండు మూడుసార్లు గుంజీలు, దండీలు తీయాలి. లేకుంటే కండ కరుగుతుంది.

అలిపిరి మెట్లు 3,550 ఎక్కి మర్నాడే తూకం చూసుకుంటే బరువు పెరిగినట్టు కనిపించవచ్చు. అలసిన కండరాలు నీరు పట్టి ఉంచడమే కారణం. ఊరగాయలోని ఉప్పు ఎక్కువైనా ఇంతే. రోజూ పొద్దున పరగడుపున తూచి వారం సగటు చూడండి. నెలసరి ముందు వారంలోనూ ఒంట్లో నీరు నిలవొచ్చు కాబట్టి, స్త్రీలు దాన్ని ఆ లెక్కలో కలపొద్దు.

– ఒక డైటీషియన్, తిరుపతి