దుకాణం ముందరి ఫ్లెక్సీ నేనే తీసేసిన

అన్నలకు, సార్లకు, మేడంలకు నమస్తే. హన్మకొండల మన స్కానింగు, బ్యాకప్ దుకాణం ముందు ‘క్వాంటం సేఫ్’ అని పెద్ద ఫ్లెక్సీ ఉండె కదా, మొన్న ఆదివారం నేనే నిచ్చెనేసుకొని తీసిన. అడిగినోళ్లకు గాలికి చినిగిందన్న. అబద్ధం, అది చినగలే.

సంగతేందంటే, మీ ఫైళ్లు మన దగ్గర్నుంచి సర్వర్‌కు పంపే సాఫ్ట్‌వేర్ పోయిన జూన్‌ల హైదరాబాద్ల ఒక కంపెనీ దగ్గర తీసుకున్న. క్వాంటం కంప్యూటర్, అంటే ఇప్పటి కొన్ని డిజిటల్ తాళాలు విప్పగల కొత్త రకం మిషను, వచ్చినా ఏం గాదని వాళ్ల సేల్స్ పిలగాడు చెప్పిండు, నేను నమ్మిన, మీకు గూడ అదే చెప్పిన. సంక్రాంతికి మా అక్క కొడుకొచ్చి సెట్టింగులు చూసి, ‘మామా, ఇది మామూలు ఆర్‌ఎస్‌ఏ-2048 కదనే’ అన్నడు, అంటే పాత రకం డిజిటల్ తాళం. ఆ తాళాన్ని పెద్ద క్వాంటం మిషను ఎట్ల విప్పుతదో 1994లనే షోర్ అనే ఆయన లెక్కగట్టి చూపించిండట. అంత మిషను ఇంక రాలే, నిజమే. కానీ ఇయ్యాల కాపీ కొట్టి దాసుకున్నోడు అది వచ్చినంక తెరుస్తడు. పాస్‌వర్డయితే మార్చుకుంటం, తాత రాసిన వీలునామా, పేషెంటు రిపోర్టు మారుస్తమా?

కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసిన. ‘నెక్స్ట్ అప్‌డేట్ల వస్తది సార్.’ ఎప్పుడయ్యా? అమెరికా నిస్ట్ సంస్థ 2024 ఆగస్టుల, క్వాంటంను తట్టుకునే కొత్త తాళం ఎంఎల్-కెమ్‌తోని కలిపి మూడు కొత్త ప్రమాణాలు ఖాయం చేసింది. ఫైళ్లు భద్రంగ పంపే ఫ్రీ సాఫ్ట్‌వేర్, 2025 ఏప్రిల్ల వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 10.0ల ఆ ఎంఎల్-కెమ్ డిఫాల్ట్‌గనే ఉంది, పైస ఖర్చు లేదు. ఫుకట్ల దొరికేది నేను ఏడాది అడ్వాన్స్ కట్టి, అది గూడ లేకుండ కొనుక్కున్న. పద్నాలుగేండ్ల సంది కౌంటర్ల కూసుంటున్న నన్ను ఒక బ్రోచర్ మోసం చేసింది, గదే మింగుడు పడ్తలేదు.

కంపెనీవాళ్లు అడ్వాన్స్ వాపస్ ఇయ్యం అన్నరు. ఏడాది ఎల్లదీద్దామా, ఇప్పుడే ఇడిచిపెడ్దామా అని మూడు రాత్రులు నిద్ర లేదు. మా ఆమె ‘నీ మొండితనమే’ అన్నది, అయితే అయింది, పైసలు పోనియ్ అనుకొని ఇడిచిపెట్టిన.

ఇప్పుడు మీ ఫైలు దుకాణం దాటకముందే ఏఈఎస్-256తోని తాళం పడ్తది, దీనికి క్వాంటంతోని అంత భయం లేదు. పంపే దారిల పాత పద్ధతి, ఎంఎల్-కెమ్ రెండూ కలిసి ఉంటయ్, రెండూ ఇరిగితేనే ఎవడన్న లోపలికొస్తడు. కొత్తదొక్కటే చాలదా అంటే, సైక్ అని ఇంకో కొత్త తాళాన్ని 2022ల మామూలు కంప్యూటర్ మీద సుమారు ఒక్క గంటలనే పగలగొట్టిన్రు, అందుకే.

పోయిన జూన్ నుంచి మొన్న శనివారం దాంక పాత దారిల పోయినయ్ మాత్రం ఎవడన్న కాపీ కొట్టి ఉంటే నేను వాపస్ తేలేను. ఎవరివి ఏ ఫైళ్లు పోయినయో లిస్టు తీసిపెట్టిన, వచ్చి చూసుకోండ్రి. రేటు పెంచలే.

ఫ్లెక్సీ మా అమ్మ తీస్కపోయింది, అక్షరాలు కిందికేసి మీద మిర్చి ఎండబోసింది.