తోటలో రోడ్డు మారుస్తున్నాం, మీ సమ్మతి కావాలి

అందరికీ నమస్కారం.

వికారాబాద్ దగ్గర మన పాత మామిడితోటలో ఇంటి స్థలం తీసుకున్న వారందరికీ ముందే చెప్పాల్సిన మాట ఇది. ఉగాదికి అప్పగిస్తానన్న ప్లాట్లు దసరాకి గానీ ఇవ్వలేను. తప్పు నాదే.

తోట కొన్నప్పుడు పడమటి వైపు ఒర్రె (వాననీళ్లు పారే చిన్న వాగు) ముళ్లకంపతో పూడిపోయి ఉంది. నక్షాలో సన్నటి గీత, అంతే. దాని మీదుగానే రోడ్డు వేయించాను. ఏళ్లుగా అక్కడ కాపలా ఉన్న పెద్దాయన అప్పుడే అన్నాడు: “సారూ, ఎండినట్టే కనబడ్తది గని, పెద్దవాన పడితే నీళ్లన్నీ గిట్లనే వస్తయి.” రెండు తూము పైపులు వేస్తే సరిపోతుందనుకున్నాను. పోయిన ఆగస్టులో ఒక్క రాత్రి వానకి రోడ్డు కోసుకుపోయింది. తెల్లారి వెళ్లి చూస్తే కంకరంతా బేనిషాన్ చెట్ల మొదళ్లలో ఉంది. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. పైనున్న గుట్ట నీళ్లన్నీ దిగేది ఆ ఒర్రెలోకే. ఈ లెక్క నేను ముందే వేసుకోవాల్సింది.

కొత్త రోడ్డు తూర్పు గట్టు మీదుగా వెళ్తుంది. ఒర్రెకి రెండు పక్కలా 30 అడుగులు వదిలేసి కానుగ, మోదుగ పెంచుతాం. దీంతో ఆరు ప్లాట్లు పోతాయి. వాటిలో రెండు బుక్ అయినవే, ఆ రెండు కుటుంబాలతో మాట్లాడాను, బావి పక్క స్థలాలు చూపించాను.

బావి సంగతి చెప్పాలి. దీపావళి తర్వాత పూడిక తీయించాం. చేద తాళ్లు రాసుకుని ఒడ్డు రాళ్లకి వేలు పట్టేంత గాళ్లు పడి ఉన్నాయి, చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మొన్న సంక్రాంతికి కొలిస్తే ఏడడుగుల నీళ్లు. అందుకే రెండో బోరు ఆలోచన మానేశాను. చెట్లకి బావి నీళ్లే.

లేఔట్ మార్చాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాసి ఇవ్వాలి. ఆ ఫారం మీకు పంపాను. మొహమాటం వద్దు, నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. ఆలస్యం వల్ల వద్దనుకునేవాళ్లకి డబ్బు వడ్డీతో సహా తిరిగి ఇస్తాను. ఉండేవాళ్లకీ ఆలస్యమైన నెలలకి వడ్డీ కట్టిస్తాను. బుక్ చేసినవాళ్లకి ధర రూపాయి కూడా పెంచను.

వచ్చే ఆదివారం పొద్దున 8 గంటల నుంచి తోటలోనే ఉంటాను. కొత్త రోడ్డుకి సున్నం గీతలు గీయించాను, నడిచి చూద్దాం. పాత మ్యాప్ వెంట తెచ్చుకోండి.