ఈ శనివారం వద్దు, పై వారం వెళ్దాం

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. అందరం కలిసి సముద్రానికి వెళ్లి ఆల్చిప్పలు తవ్వుకుందామన్న మాట వినగానే మీ అమ్మ పాత చీరలు వెతకడం మొదలుపెట్టింది. కారు, బకెట్లు, పిల్లలకు మార్చుకునే బట్టలు, అన్నీ బాగానే ఆలోచించావు. తేదీ ఒక్కటే కుదరలేదు.

నువ్వు చెప్పిన శనివారం అష్టమి. ఆ రోజుల్లో సముద్రాన్ని సూర్యుడు ఒక దిక్కు, చంద్రుడు ఇంకో దిక్కు లాగుతారు, దాంతో ఆటు, అంటే నీళ్లు వెనక్కి పోవడం, సగంలోనే ఆగిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏం తవ్వుతాం? పై శనివారం పౌర్ణమి. అప్పుడు ఇద్దరి లాగుడూ ఒకే వరసలో ఉంటుంది కాబట్టి పోటు ఎంత పైకి వస్తుందో ఆటు అంత కిందికి దిగుతుంది. బాగా దిగేది పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో, అంటే ఆదివారం ఇంకా మేలు. ఎప్పుడూ నీళ్ల కింద ఉండే ఇసుక ఆ కాసేపు బయటపడుతుంది. అక్కడ తవ్వేవాళ్లు తక్కువ కాబట్టి మనకు నాలుగు ఎక్కువ దొరుకుతాయి.

తిథి చూస్తే రోజు తెలుస్తుంది కానీ గంట తెలియదు. దానికి మనం వెళ్లే తీరం ఆటుపోట్ల పట్టికే చూడాలి, దగ్గర్లోని ఇంకో తీరానిది చూస్తే సరిపోదు. రోజుకు రెండు ఆటులు వచ్చే చోట ఇవాళ ఏడింటికి వస్తే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆటు ఏడింటికైతే మనం ఐదున్నరకే ఇసుకలో ఉండాలి. నీళ్లు వెనక్కి పోతుంటే వాటి వెంటే నడుస్తూ తవ్వుకోవాలి, అవి ఒడ్డువైపు తిరగ్గానే మనం వెనక్కి వచ్చేయాలి. టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరదామని అల్లుడు అంటాడు, వినకు.

ఈ తిరగడం గురించి పిల్లలకు ముందే గట్టిగా చెప్పు. పోటు మొదలైన తొలి గంటలో నీళ్లు పన్నెండో వంతు కూడా సరిగ్గా పెరిగినట్టు కనిపించవు. ఇంకా బోలెడు టైం ఉందనిపిస్తుంది. మూడో గంట, నాలుగో గంట ఈ రెండింట్లోనే మాత్రం సగం నీళ్లు వచ్చేస్తాయి. చదునైన తీరంలో అయితే ముందు నుంచి కాక, వెనకున్న పల్లాల్లోంచి చుట్టుముడతాయి. అందుకే మీ అమ్మకు గడియారం ఇచ్చి ఒడ్డున కుర్చీలో కూర్చోబెడదాం. మోకాళ్ల నొప్పితో వంగి తవ్వలేదు కానీ, వచ్చేయమని పిలిస్తే ఈ ఇంట్లో కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

బయల్దేరే ముందు ఇంకో పని ఉంది, అది నువ్వే చెయ్యాలి. అక్కడ తవ్వుకోనిస్తారో లేదో, లైసెన్సు కావాలో, మనిషికి ఎన్ని, ఏ సైజువి తీసుకోవచ్చో కనుక్కో. వీటన్నిటికంటే ముఖ్యం, విషం ఉందని ఆ తీరాన్ని మూసేశారేమో చూడు. ఆల్చిప్పలు నీటిని వడకట్టి తింటాయి. నీళ్లలో విషపు నాచు పెరిగితే అది వాటి ఒంట్లో చేరుతుంది. రుచిలో తేడా ఉండదు, వాసన రాదు, నీళ్లు ఎర్రబడాలని కూడా లేదు. ఎంతసేపు ఉడికించినా ఆ విషం పోదు. మూతి, వేళ్లు తిమ్మిరెక్కడంతో మొదలై ఊపిరి ఆడకపోయేదాకా వెళ్తుంది. మూసేశారని తెలిస్తే ట్రిప్పు మానేద్దాం, మారు మాట వద్దు.

తవ్వడం పెద్దవాడికి నేను నేర్పుతాను. తడి ఇసుక మీద చిన్న చిల్లులు కనిపిస్తాయి. పక్కన కాలితో గట్టిగా తొక్కితే కొన్ని చోట్ల నీళ్లు చిమ్ముతాయి, కింద చిప్ప ఉన్నట్టే. చిల్లు మీదే గునపం దించితే చిప్ప పగులుతుంది, పక్క నుంచి తవ్వి చేత్తో తడమాలి. చేతికి గ్లవ్స్ ఉండాలి, పగిలిన పెంకులు బాగా కోస్తాయి. చిన్నవి దొరికితే అక్కడే ఇసుకలో పెట్టి గుంత పూడ్చేయాలి. పూడ్చకుండా వదిలేస్తే, కుప్పపోసిన ఇసుక కింద పడ్డ చిప్పలు ఊపిరాడక చస్తాయి. చంటిదానికి ఆ పూడ్చే పని ఇస్తే తవ్వడం కంటే సంబరంగా చేస్తుంది.

అల్లుడు కొన్న ఆ పెద్ద బకెట్ వద్దు. అది చూస్తే నింపాలనిపిస్తుంది, మనకు ఒక పూటకు సరిపడా చాలు. బకెట్ నిండా నీళ్లు పోసి ఎండలో పెట్టినా చిప్పలు చస్తాయి. తడి గుడ్డ కప్పి నీడలో, చల్లగా ఉంచాలి, గాలి ఆడాలి. ఇంటికొచ్చాక శుభ్రమైన సముద్రపు నీళ్లలో కొన్ని గంటలు ఉంచితే ఇసుక కక్కుతాయి, అందుకని ఒక డబ్బాతో నీళ్లు కూడా తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు పోశావా, అవి బతకవు. వండే ముందు నోరు తెరిచి ఉన్నదాన్ని వేలితో కొట్టి చూడు, మూసుకోకపోతే పారెయ్.

అల్లుడికి ఆదివారం కుదురుతుందేమో అడిగి రేపు రాత్రిలోగా చెప్పు. కుదరకపోతే అమావాస్యదాకా ఆగుదాం, మధ్యలో వచ్చే శనివారం మాత్రం మళ్లీ అడగకు.

ప్రేమతో,
నాన్న